యాంప్‌ను మింగిన పెట్టె

ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు మూడో నంబరు ఎగ్జిట్ దగ్గర ముత్తంగి వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే ఇస్నాపూర్, పక్కకు తిరిగితే పాశమైలారం ఫ్యాక్టరీలు. ఇలాంటి ఊళ్లలో షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లే ఆదివారం చర్చిలోనో, వినాయక మండపంలోనో, ఫంక్షన్ హాలు ఆర్కెస్ట్రాలోనో గిటార్ పట్టుకుంటారు. వాళ్ల కాళ్ల దగ్గర ఈమధ్య తరచూ ఒక చిన్న పెట్టె కనిపిస్తోంది. నాలుగు ఫుట్ స్విచ్‌లు, ఒక తెర, వెనక వరసగా జాక్ రంధ్రాలు. దాన్ని అందరూ ప్రాసెసర్ అంటారు.

ఆ పెట్టె గురించి ఏ స్టేజీ దగ్గరైనా వినిపించే మాటలు రెండు. "ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో సూపర్‌గా ఉండెనన్నా, ఇక్కడ యాంప్‌కు పెడితే చెవులు గీరుకుపోతున్నయ్" అంటాడు గిటారిస్టు. "నీ లైన్లోనే హమ్ వస్తోంది తమ్ముడూ, జాక్ తీసెయ్" అంటాడు సౌండ్ సర్వీస్ ఆయన. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ పెట్టెలో అప్పటికే ఒక యాంప్ ఉంది. ఆ సంగతి పట్టించుకోకుండా దాన్ని బయట ఇంకో యాంప్‌కు కలపడం వల్లే సగం తిప్పలు వస్తాయి. యాంప్ ఆ పెట్టెలోకి ఎలా చేరిందో తెలిస్తే, ఏ వైరు ఎక్కడ గుచ్చాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

గిటార్‌కు కరెంటు ఎక్కింది 1930ల మొదట్లో. అప్పటి అమెరికా డాన్సు బృందాల్లో డ్రమ్ములు, బాకాల హోరులో గిటార్ ఎవరికీ వినపడేది కాదు. లాస్ ఏంజిలెస్‌లో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి 1932లో అమ్మకానికి తెచ్చిన గిటార్‌లో గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతాలు, సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్ ఉండేవి. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో కొన్ని పదుల, వందల మిల్లీవోల్టుల సంకేతం పుడుతుంది. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఇప్పటికీ దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ గిటార్ పికప్ పనిచేసేది ఆ సూత్రం మీదే.

ఆ మిల్లీవోల్టులు స్పీకరును కదిలించలేవు. అందుకు యాంప్ కావాలి. వచ్చినదాన్ని వచ్చినట్టే పెద్దది చేసే యాంప్ తయారుచేయాలన్నది అప్పటి ఇంజనీర్ల పట్టుదల. వాయించేవాళ్లు మాత్రం గొంతు చాలక వాల్యూమ్ చివరిదాకా తిప్పేవారు. యాంప్‌లోని వాల్వు తన శక్తి దాటిపోగానే తరంగం శిఖరాన్ని నొక్కి చదును చేస్తుంది. అలా నొక్కుకుపోయిన తరంగంలోంచి కొత్త స్వరాంశాలు పుట్టుకొస్తాయి. గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటి తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దాని మీద 165, 247, 330 హెర్ట్జ్‌ల వద్ద అనుస్వరాలు బలపడతాయి. నాదం గరుకుగా, నిండుగా మారి, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంజనీరు లెక్కలో అది లోపం. వాయించేవాళ్లు దాన్ని వదల్లేదు.

ఆ లోపానికి విడిగా ఒక పెట్టె రావడానికి కారణం ఒక పాడైపోయిన ట్రాన్స్‌ఫార్మర్. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' నాష్‌విల్‌లో రికార్డు అవుతున్నప్పుడు మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానల్ చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ బొంగురుగా పలికింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. జనానికి నచ్చింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ శబ్దాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేయించాడు. 1962లో అది 'మాస్ట్రో ఫజ్‌టోన్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మూడేళ్ల తర్వాత రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్' పాటలో ఆ గొంతును ప్రపంచమంతా విన్నది. ఆ తర్వాత కోరస్‌లు, ఓవర్‌డ్రైవ్‌లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఇదంతా పాశ్చాత్యుల హోరు అనుకునేవాళ్లకు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించిన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్‌ను చూపిస్తాను. మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన క్షణానికే నాదం ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం బతికి ఉండాలి, వేలు జారుతున్నంతసేపూ తెగకూడదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు వదిలేసి, ఐదు ఒంటి తీగలతో వాయించారు. మెల్లగా మీటినా యాంప్ ఆ నాదాన్ని చివరి నలుసు దాకా వినిపించింది. 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన తొలి కచేరీ జరిగింది. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశారు. బ్రూక్ కూడా సామాన్యుడు కాదు, స్వరాన్ని ఆరనివ్వకుండా నిలిపే 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసినవాడు. నాదాన్ని నిలపడం కోసం కరెంటును అడిగిన ఇద్దరు కలిసి చేసిన పని అది. యాంప్ వాద్యంలో భాగం అని నేను అంటున్నది ఇలాంటి ఉదాహరణలు చూసే.

సరే, యాంప్ పెట్టెలోకి దూరిన కాలానికి వద్దాం. 1995లో రోలాండ్ వీజీ-8, 1996లో లైన్ 6 వాళ్ల యాక్సిస్ 212, 1998లో అదే కంపెనీ ఎర్రటి పాడ్ వచ్చాయి. విడివిడి ఎఫెక్టులతో ఆగకుండా, పేరున్న వాల్వు యాంప్‌ల నడవడికనే లెక్కల్లోకి దించడం ఇక్కడ మొదలైంది. 2006లో యాక్స్-ఎఫ్‌ఎక్స్, 2011లో కెంపర్, 2015లో హీలిక్స్ ఆ పనిని ఇంకా లోతుకు తీసుకెళ్లాయి. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు కొన్ని నిమిషాల శబ్దం విని ఒక యాంప్ స్వభావాన్ని పట్టేస్తున్నాయి. ఒకప్పుడు స్టూడియోల్లోనే ఉండే సరుకు నేడు నెల జీతగాడి చేతికి అందుతోంది.

లోపల జరిగేది ఇదీ. గిటార్ సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. 24 బిట్ల కొలత కాబట్టి ఒక్కో కొలతకు 1 కోటి 67 లక్షల పైచిలుకు మెట్లు ఉంటాయి. ఎకో, కోరస్ లాంటివి చిప్‌కు తేలిక. కష్టమంతా ఆ పాత లోపాన్ని, అంటే శిఖరం నొక్కుకుపోవడాన్ని అనుకరించడంలో ఉంది. ఒక లెక్క చూడండి. 10 కిలోహెర్ట్జ్ అంశాన్ని నొక్కితే మూడో అనుస్వరం 30 కిలోహెర్ట్జ్ వద్ద పుడుతుంది. 48,000 కొలతల యంత్రం అందులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ దాకానే పట్టగలదు. మిగతాది మాయం కాదు, వెనక్కి మడత పడి 18 కిలోహెర్ట్జ్ వద్ద తేలుతుంది. వాయించిన స్వరానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. తొలి తరం డిజిటల్ డిస్టార్షన్లు చెవికి ఎక్కకపోవడానికి ఇది పెద్ద కారణం. అందుకే మంచి ప్రాసెసర్లు లోపల ఎనిమిది రెట్ల వేగంతో, సెకనుకు 3,84,000 కొలతలతో లెక్క కట్టి, అనవసరమైనవి వడకట్టి, మళ్లీ 48,000కు దిగుతాయి. ఇంత పనికీ పట్టే సమయం రెండు మూడు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, స్పీకరుకు ఒక మీటరు దూరంలో నిలబడితే పట్టే సమయమే అది. వేలికి తేడా తెలియదు.

ఇక స్పీకరు. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. అది లోపమే కానీ, డిస్టార్షన్‌లో పుట్టే గీరుడునంతా ఆపేది ఆ లోపమే. పాటలన్నీ వినిపించే పెద్ద పీఏ స్పీకర్లు 15 కిలోహెర్ట్జ్ పైదాకా పలుకుతాయి. గిటార్‌ను నేరుగా వాటికి పెడితే గీరుడంతా బయటికి వస్తుంది. అందుకని ప్రాసెసర్‌లో స్పీకర్ డబ్బాను కూడా అనుకరించే భాగం ఉంటుంది. దాన్నే క్యాబ్ లేదా ఐఆర్ అంటారు. ఒక డబ్బా క్షణకాలపు శబ్దానికి ఎలా స్పందిస్తుందో కొలిచి దాచుకున్న సంఖ్యల వరస అది. 1,024 సంఖ్యల ఐఆర్ అంటే దాదాపు 21 మిల్లీసెకన్ల స్పందన.

ఇంతవరకు తెలిస్తే కలపడం తేలిక. బయట యాంప్ ముందు వైపు ఇన్‌పుట్‌కు ప్రాసెసర్ పెడుతున్నారా? అయితే లోపలి యాంప్, క్యాబ్ రెండూ ఆపేయండి, ఎఫెక్టులు మాత్రమే ఉంచండి. లేకపోతే ఉడికిన అన్నాన్ని మళ్లీ కుక్కర్లో పెట్టినట్టే. యాంప్ వెనక 'రిటర్న్' అనే రంధ్రం ఉంటే అందులో పెట్టండి. అప్పుడు యాంప్ ముందు భాగం పక్కకు తప్పుకుంటుంది. లోపలి యాంప్ ఉంచుకోవచ్చు, క్యాబ్ మాత్రం ఆపాలి, ఎదురుగా నిజం స్పీకరు ఉంది కదా. మిక్సర్‌కు, పీఏకు వెళ్తున్నారా? యాంప్, క్యాబ్ రెండూ ఉండాలి. చర్చిల్లో, మండపాల్లో మనకు ఎక్కువగా పడేది ఈ మూడోదే. చెవులు గీరుకుపోతున్నాయన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది క్యాబ్ ఆన్‌లో ఉందా లేదా అని.

నాలుగు వైర్ల పద్ధతి కూడా ఒకటుంది. గిటార్ నుంచి ప్రాసెసర్‌కు, ప్రాసెసర్ సెండ్ నుంచి యాంప్ ఇన్‌పుట్‌కు, యాంప్ సెండ్ నుంచి ప్రాసెసర్ రిటర్న్‌కు, ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచి యాంప్ రిటర్న్‌కు. ఓవర్‌డ్రైవ్, వా, కంప్రెసర్ యాంప్ ముందు పడతాయి. డిలే, రివర్బ్ దాని తర్వాత పడతాయి. వరస మారితే శబ్దమూ మారుతుంది. రివర్బ్ తర్వాత డిస్టార్షన్ పడితే హాలు గుంజన కూడా స్వరంతో పాటు నలిగి ముద్దవుతుంది. మంచి వాల్వు యాంప్ చేతిలో ఉన్నవాళ్లకు ఈ నాలుగు వైర్ల శ్రమకు తప్పకుండా ఫలితం దక్కుతుంది. మామూలు ప్రాక్టీసు యాంప్‌కు అంత అవసరం లేదు. ఏ పద్ధతిలోనైనా ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకూడదు: యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌ను ప్రాసెసర్‌కు పెట్టడం. ఒక్క దెబ్బకు పెట్టె కాలిపోవచ్చు.

తర్వాత లెవెల్. గిటార్ ఇచ్చేది మిల్లీవోల్టులు, ప్రొఫెషనల్ మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఆశించేది సుమారు 1.23 వోల్టులు. ప్రాసెసర్ సెట్టింగుల్లో 'ఇన్‌స్ట్రుమెంట్', 'లైన్' అని రెండు ఉంటే, యాంప్ ముందుకు మొదటిది, మిక్సర్‌కు రెండోది. వాల్యూమ్ సగానికి పెట్టి, గట్టిగా మీటి, ఎర్ర దీపం వెలగకుండా చూసుకోండి. మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆ ఛానల్‌కు ఆపమని సౌండ్ ఆయనను అడగండి.

ఇంట్లో బాగున్న ప్యాచ్, అంటే పెట్టెలో దాచుకున్న సెట్టింగుల కూర్పు, స్టేజీ మీద ఎందుకు మారిపోతుంది? 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు చెవి మంద్ర స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది. గట్టిగా మోగినప్పుడు అవే ముందుకు వస్తాయి. రాత్రి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా చిన్నగా వింటూ బేస్ పెంచి దాచుకున్న ప్యాచ్, మర్నాడు మండపంలో గుమ్మని మోగి పాటను కప్పేస్తుంది. ప్యాచ్‌లు కచేరీ వాల్యూమ్‌లోనే దిద్దుకోవాలి. వేరే దారి లేదు.

హమ్ సంగతికి వస్తే, మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ గుర్రుమనేది 50 లేదా 100 హెర్ట్జ్. ప్రాసెసర్ ఒక బోర్డులో, యాంప్ ఇంకో బోర్డులో, మిక్సర్ జనరేటర్ మీద ఉంటే ఎర్త్‌కు రెండు మూడు దారులు ఏర్పడి వాటి నడుమ కరెంటు తిరుగుతుంది. అన్నిటికీ ఒకే బోర్డు నుంచి లైన్ తీసుకోండి. అప్పటికీ తగ్గకపోతే, మిక్సర్‌కు వెళ్లే వైరు మధ్యలో పెట్టే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ముత్తంగి చుట్టుపక్కల మోటార్లు, వెల్డింగ్ సెట్లు తిరిగే కరెంటులో రొద ఎక్కువే. పైగా ఇది రాతి నేల. ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోతే నేల నిరోధం పెరిగి, ఎర్త్ పేరుకే మిగులుతుంది. ఉప్పు, బొగ్గు వేసి కట్టిన గోతిలో నీళ్లు పోయించే బాధ్యత మండపం కమిటీయో, చర్చి కమిటీయో తీసుకోవాలి.

హమ్ పోతుందని కొందరు ప్లగ్గులో పైన లావుగా ఉండే ఎర్త్ పిన్ను విరగ్గొట్టేస్తారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ద క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ సరిగా లేని మైకు తాకి స్టేజీ మీదే చనిపోయాడు. గిటార్ తీగలు, బ్రిడ్జ్ అన్నీ యాంప్ ఎర్త్‌కు కలిసే ఉంటాయి, అంటే వాయించే పిల్లవాడి వేళ్లు నేరుగా ఆ వైరు మీదే ఉన్నట్టు. కాబట్టి ఎర్త్ పిన్ను జోలికి పోకండి, ఎవరైనా పోతుంటే ఆపండి. స్టేజీ బోర్డుకు కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, పాట మొదలయ్యే ముందు దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి చూడండి.