వానాకాలంలో పాత కారు: నీటి వలన కలిగే విద్యుత్ లోపాలను గుర్తించే విధానం

చెన్నై నగరానికి వర్షం అధికంగా లభించేది ఈశాన్య ఋతుపవనాల కాలంలో. అక్టోబరు నుండి డిసెంబరు వరకు గల ఈ మూడు నెలలలోనే పాత కార్ల యజమానులకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. రాత్రి వాన కురిసిన తరువాత తెల్లవారి కారు స్టార్ట్ కాదు. మధ్యాహ్నం ఎండ కాసిన తరువాత అదే కారు ఏ లోపమూ లేనట్లు నడుస్తుంది. వర్క్‌షాపుకు చేరేసరికి లోపం కనబడదు. అనుమానంతో బ్యాటరీనో, స్టార్టర్ మోటారునో మార్చుతారు. మరల వాన వస్తుంది, మరల కారు నిలిచిపోతుంది.

దీనికి కారణం సులభంగానే గ్రహించవచ్చును. నీరు కలిగించిన లోపం, నీరు ఆరగానే తన ఆనవాలును తానే చెరిపివేసుకొంటుంది. అందువలన భాగాలను మార్చుతూ పోవడం కంటె, లోపం ఎప్పుడు కనబడినదీ, నీరు ఎక్కడి నుండి వచ్చినదీ నిర్ణయించుకొని, ఆ తరువాత కొలిచి చూడడమే సరియైన మార్గం. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800, అంబాసిడర్ వంటి కార్లను, జీవనాధారంగా పాత ఓమ్ని వ్యాన్లను నడుపుకొనేవారు నగరంలో నేటికీ ఉన్నారు. వారికి ఈ విధానం తెలిసి ఉండడం వలన అనవసరపు ఖర్చు తప్పుతుంది. కొన్ని సందర్భాలలో అగ్నిప్రమాదమూ తప్పుతుంది.

నీరు చేసే హాని ఎటువంటిది

స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు బహు స్వల్పంగా ప్రవహిస్తుంది. అయితే కారులోకి చేరేది స్వచ్ఛమైన నీరు కాదు. వీధిలోని మురుగు, దుమ్ము, సముద్రతీరపు గాలిలోని ఉప్పు అందులో కలిసి ఉంటాయి. అటువంటి నీరు రెండు విధాలుగా హాని చేస్తుంది.

మొదటిది తక్షణ హాని. విద్యుత్తు తాను పోవలసిన త్రోవను విడిచి, తడి మీదుగా వేరొక త్రోవ పట్టుతుంది. తడి ఆరితే ఈ లోపం పోతుంది. రెండవది మెల్లగా జరిగే హాని. రాగి తీగెలకు, పిన్నులకు పచ్చని చిలుము పట్టుతుంది. ఎల్లప్పుడూ కరెంటు ఉండే పాజిటివ్ తీగె నీటిలో నానినప్పుడు ఆ పిన్ను మరింత వేగంగా కరిగిపోతుంది. ఈ లోపం వాన వెలిసిన కొన్ని వారాలకు గాని బయటపడదు. ఒకసారి వచ్చిన తరువాత ఎండకు పోదు.

మొదటి ప్రశ్న: ఎప్పుడు?

లోపం కనబడిన సమయమే సగం సమాధానం. సెల్ఫ్ బలంగా తిరుగుతూ ఉండి, ఇంజన్ మాత్రం అందుకొనకపోతే, ఎండ కాసిన తరువాత అందుకొంటే, ఇగ్నిషన్ భాగాలలో తేమ చేరినదని భావించవచ్చును. నిలిచిన నీటిలో నడిపిన వెంటనే ఇంజన్ కుదుపులతో ఆగిపోతే, క్రింది నుండి చిమ్మిన నీరు డిస్ట్రిబ్యూటర్ మీదనో, ప్లగ్గు తీగెల మీదనో పడినట్లు. ముందు సీట్ల క్రింద ఇంజన్ గల ఓమ్నిలో ఆ స్థలాన్ని మొదట పరిశీలించడం మంచిది.

సెల్ఫ్ తిరగక టక్కుమనే శబ్దం మాత్రమే వచ్చి, దీపాలు మసకబారితే బ్యాటరీ టెర్మినల్స్‌ను, ఎర్త్ తీగెను పరీక్షించాలి. రెండు మూడు రోజులు నిలిపిన కారులో బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటే, ఎక్కడో కరెంటు కారిపోతున్నది. హారన్ దానంతట అదే మ్రోగడం, వైపర్లు స్విచ్చు వేయకుండానే కదలడం వంటివి స్విచ్చులలో గాని, రిలేలలో గాని నీరు చేరినదనడానికి గుర్తులు. తేదీ, వాన పడినదా లేదా, ఇంజన్ వేడిగా ఉన్నదా చల్లగా ఉన్నదా అనే వివరాలను ఒక చీటీపై వ్రాసి ఉంచుకొంటే మెకానిక్‌కు ఎంతో శ్రమ తగ్గుతుంది.

రెండవ ప్రశ్న: ఎక్కడి నుండి?

నీరు కనబడిన చోటే ప్రవేశించిన చోటు కానక్కర లేదు. ముందు అద్దం అడుగున, వైపర్ల వద్ద ఉండే గాడిలో ఆకులు పేరుకొని నీరు పోయే రంధ్రం మూసుకొంటే, ఆ నీరు డాష్‌బోర్డు వెనుకకు దిగుతుంది. చాలా పాత కార్లలో ఫ్యూజు పెట్టె ఉండేది ఆ ప్రాంతంలోనే. అద్దం చుట్టూ గట్టిపడిన రబ్బరు, ఇంజన్ గది నుండి లోనికి తీగెలు వచ్చే రంధ్రంలోని రబ్బరు బిళ్ల, తలుపులలోని చినిగిన ప్లాస్టిక్ తెర, వెనుక దీపాల రబ్బరు పట్టీ, ఇవి తక్కిన ప్రవేశమార్గాలు.

వాన లేని రోజున కూడా ముందు సీటు వద్ద కాలి క్రింద తడి ఉంటే, ఎ.సి. నుండి నీరు బయటకు పోయే గొట్టం పూడుకొన్నదేమో చూడాలి. ఆ తడి జిగటగా ఉండి తీయని వాసన వస్తే అది రేడియేటర్ కూలెంట్. పై కార్పెట్ పొడిగా కనబడినంత మాత్రాన సంతృప్తి చెందరాదు. దాని అడుగున ఉండే మందపు దూది వారాల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. దాని క్రిందుగానే తీగెల కట్ట పోతూ ఉంటుంది.

ప్రవేశమార్గాన్ని తెలుసుకొనేందుకు ఇద్దరు మనుషులు చాలు. ఒకరు లోపల టార్చి పట్టుకొని కూర్చుండగా, మరొకరు బయటి నుండి సన్నని ధారగా నీరు పోయాలి. క్రింది భాగం నుండి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. పై నుండి మొదలుపెడితే నీరు అంతటా కారి, ఏ రంధ్రం నుండి వచ్చినదో తెలియకుండా పోతుంది.

ఇగ్నిషన్ పరీక్ష

డిస్ట్రిబ్యూటర్ గల పెట్రోలు ఇంజన్‌లో కాయిల్ నుండి ప్లగ్గులకు పోయే విద్యుత్తు వేల వోల్టులలో ఉంటుంది. అంతటి పీడనం గల విద్యుత్తుకు డిస్ట్రిబ్యూటర్ మూతపై ఉన్న సన్నని తేమ పొర కూడా దారి అవుతుంది. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, మూతను విప్పి, లోపల వెలుపల పొడి గుడ్డతో తుడిచి మరల బిగించిన తరువాత ఇంజన్ అందుకొంటే లోపం ఎక్కడ ఉన్నదో తేలినట్లే.

అయితే తుడవడంతో పని ముగియదు. మూత లోపల వెంట్రుకవంటి నల్లని గీతలు ఉన్నవేమో వెలుతురులో చూడాలి. విద్యుత్తు పదేపదే ప్రాకి కాల్చిన గుర్తులు అవి. అటువంటి మూతను మార్చవలసినదే. బీటలు వారిన ప్లగ్గు తీగెలను కనుగొనేందుకు, చీకటిలో ఇంజన్ నడుస్తుండగా దూరం నుండి గమనించడం ఒక పద్ధతి. లోపం ఉన్న చోట నీలి రవ్వలు కనబడుతాయి. కనబడకపోతే స్ప్రే సీసాతో కొద్దిపాటి తుంపరను ఒక్కొక్క తీగెపై చల్లి, ఏ తీగె వద్ద ఇంజన్ తడబడుతున్నదో చూడవచ్చును. ఈ పరీక్షలలో ఏ తీగెనూ చేతితో తాకరాదు. ఈ పనికి తెరచి ఉన్న గది గాని, ఆరుబయలు గాని కావాలి. మూసిన గ్యారేజీలో పొగ ప్రాణాంతకం.

ఎర్త్ లోపం, వోల్టుల తగ్గుదల

కారు లోహపు శరీరమే బ్యాటరీ నెగటివ్‌కు తిరుగు మార్గం. శరీరాన్ని, ఇంజన్‌ను, బ్యాటరీని కలిపే ఎర్త్ తీగెల బోల్టులకు తుప్పు పట్టితే కరెంటు వేరొక త్రోవను వెదకుకొంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటర్ దీపం కూడా మసకగా వెలగడం వెనుక దీపపు ఎర్త్ చెడినదనడానికి సర్వసాధారణమైన గుర్తు. ఇంజన్ ఎర్త్ తీగె పూర్తిగా చెడితే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబులు మీదుగానో, యాక్సిలరేటర్ కేబులు మీదుగానో తిరిగి వస్తుంది. ఆ కేబులు కాలేంత వేడెక్కుతుంది.

ఇక్కడ పలువురు పొరబడే విషయం ఒకటి ఉన్నది. మల్టీమీటర్‌తో తీగె తెగినదా లేదా అని మాత్రమే చూస్తే చాలదు. చిలుము పట్టిన తీగెలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు మంచిదనే చూపుతుంది. భారం పడినప్పుడు ఆ పోగు కరెంటును మోయలేదు. కనుక భారం ఉన్నప్పుడే కొలవాలి. గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ అందుకొనకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్నని తీగెను విడదీయాలి. మీటరును 20 వోల్టుల డి.సి. స్థాయిలో ఉంచి, ఒక కొనను బ్యాటరీ నెగటివ్ దిమ్మెకు, రెండవ కొనను ఇంజన్ లోహానికి ఆనించి, మరొకరి చేత కొద్ది క్షణాలు సెల్ఫ్ కొట్టించాలి. 0.2 లేదా 0.3 వోల్టులకు లోబడి ఉంటే ఎర్త్ బాగున్నట్లు. 0.5 వోల్టు దాటితే బోల్టులు విప్పి, లోహం మెరిసేవరకు గీకి, మరల బిగించాలి. ఎన్నో సందర్భాలలో కొత్త బ్యాటరీ అవసరం అక్కడితో తీరిపోతుంది.

బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటే

కొన్ని గంటలు కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుండి 14.4 వోల్టులు ఉంటే చార్జింగ్ సక్రమం. రెండూ బాగుండి కూడా బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటే కారిపోయే కరెంటును కొలవాలి. తాళం చెవి తీసి, తలుపులన్నీ మూసి, నెగటివ్ తీగెను విప్పి, దిమ్మెకూ తీగెకూ నడుమ మీటరును 10 ఆంపియర్ల స్థాయిలో కలపాలి. మీటరు ఆ స్థితిలో ఉండగా సెల్ఫ్ కొట్టరాదు.

పాత కారులో 50 మిల్లీ ఆంపియర్లకు లోబడి ఉండడం సహజం. 500 మిల్లీ ఆంపియర్లు ఉంటే 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మూడు రోజులలోనే వట్టిపోతుంది. అప్పుడు ఒక్కొక్క ఫ్యూజును తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోయినదో ఆ మార్గంలోనే తడి ఉన్నది.

కారు వరదలో మునిగితే

2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను సమయంలోను నగరంలో అనేక వాహనాలు నీట మునిగాయి. మునిగిన కారు విషయంలో మొదటి నియమం, తాళం చెవి త్రిప్పరాదు. సిలిండర్లలోకి చేరిన నీరు గాలివలె అణగదు. సెల్ఫ్ కొట్టితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చును. నీరు తీసిన వెంటనే బ్యాటరీ నెగటివ్ తీగెను విప్పాలి. కరెంటు తొలగితే షార్ట్ సర్క్యూట్ భయం తగ్గుతుంది, పిన్నులు కరిగిపోవడం కూడా మందగిస్తుంది. ఇంజన్ ఆయిల్ పాలవలె తెల్లబడితే అందులో నీరు కలిసినట్లు.

నీరు చేరిన ఎత్తు తెలిసేటట్లు ఫోటోలు తీసి, బీమా సంస్థకు తెలిపిన తరువాతనే కారును లాగించుకొనిపోవడం మేలు. నీట మునిగిన ఇంజన్‌ను స్టార్ట్ చేయడం వలన కలిగే నష్టానికి ప్రత్యేకమైన ఇంజన్ రక్షణ అనుబంధం లేనిదే సాధారణ పాలసీ వర్తించదు. మూడవ పక్షపు బీమా మాత్రమే ఉన్న పాత కార్లకు స్వంత నష్టపరిహారం అసలే లభించదు. కనుక భారీ వర్షసూచన వెలువడినప్పుడు కారును ముందుగానే మెట్టప్రాంతానికి తరలించడం, నీరు నిలిచిన సబ్‌వేలలోకి దిగకపోవడం ఉత్తమం. వీధిలో నీరు నిలిచినచో నగరపాలక సంస్థకు 1913 నంబరు ద్వారా తెలుపవచ్చును.

ఆరబెట్టడం, కాపాడడం

కార్పెట్‌ను అడుగు దూదితో సహా బయటకు తీసి ఆరబెట్టాలి. ఉప్పునీరు గాని మురుగునీరు గాని తగిలిన కనెక్టర్లను మంచినీటితో కడిగి, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రపరచి, పూర్తిగా ఆరిన తరువాత కలపాలి. పెట్రోలుతో కడగడం, మంట చూపి ఆరబెట్టడం ప్రమాదకరం. బ్యాటరీ టెర్మినల్స్‌ను బిగించిన పిమ్మట పైన కొద్దిగా వాసెలిన్ పూయవచ్చును. తీగె కనెక్టర్‌లోకి ప్రవేశించే ముందు కొంచెం క్రిందికి వ్రేలాడేటట్లు అమర్చితే, తీగె వెంట జారిన నీటిబొట్టు కనెక్టర్‌లోకి పోక ఆ వంపు వద్దనే రాలిపోతుంది. పుదుపేట వంటి చోట్ల పాత విడిభాగాలు కొనేవారు పిన్నులపై చిలుము, లోపల మట్టి చారలు ఉన్నవేమో చూచుకోవాలి. అవి వరదలో మునిగిన మరొక కారు నుండి వచ్చినవి కావచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఫ్యూజును గురించినది. మాటిమాటికి పోతున్న ఫ్యూజు స్థానంలో రాగి తీగెను గాని, సిగరెట్టు పెట్టెలోని రేకును గాని, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజును గాని పెట్టరాదు. ఫ్యూజు కాలిపోవడం లోపం కాదు, లోపం ఉన్నదనే సూచన. దానిని లెక్కచేయనిచో కాలిపోయేది తీగె, ఆ పైన కారు. తడి ఎక్కడ ఉన్నదో కనుగొని ఆరబెట్టి, నీరు వచ్చే దారిని మూసిన తరువాత, నిర్ణయించిన ఆంపియర్ల ఫ్యూజునే అమర్చాలి.