మందు వాడిన పశువు పాలు – సంఘం బాధ్యత

పాలలో నీళ్ళు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది. పులిసిన పాలను వాసన పట్టిస్తుంది. కాని పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూది వేసిన గేదె పాలలో మందు ఉన్నదీ లేనిదీ ఈ పరీక్షలకు అందదు. కాచినా, పాశ్చరైజు చేసినా ఆ మందు పూర్తిగా పోదు. ఒక్క పశువు పాలు క్యానులో, ఆ క్యాను బల్క్ కూలరులో కలిస్తే ఊరందరి పాలకూ ఆ దోషం అంటుకొనవచ్చును. అట్టి పాలు పెరుగుకు సరిగా తోడుకొనవు. సూక్ష్మజీవులు మందులకు లొంగకుండా పోయే ప్రమాదం కూడ కలదు.

2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించింది. కల్తీ వలన తాగుటకు పనికిరానివిగా తేలినవి 12. యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితిని మించినవి 77.

అయితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని 18వ సెక్షను ప్రకారం, రైతుకు గాని అతని పశువులకు గాని వర్తించదు. అనగా చట్టం పశువుల కొట్టంలోకి రాదు. నియమాన్ని కొట్టం దాకా చేర్చవలసినది సంఘమే.

ఇందుకు సంఘాలు చేయదగిన పనులు:

1. మందు వాడిన తరువాత ఎన్ని రోజులు పాలు పోయరాదో సీసా చీటీపై చూడవలెను. 2012లో సవరించిన ఔషధ నియమాల ప్రకారం, గడువు వ్రాసి లేనిచో పాలకు అది 7 రోజులకు తగ్గరాదు.

2. ఒక్క చనుకే మందు ఎక్కించినా నాలుగు చనుల పాలనూ వేరుగా పితికి పారబోయవలెను.

3. సభ్యుని పేరు, పశువు, మందు వేసిన తేది, తిరిగి పాలు పోయదగిన తేది సేకరణ కేంద్రంలో ఒక పుస్తకంలో వ్రాయవలెను.

4. గడువు రోజులలో ఆ పశువు పాలు తేనందుకు సభ్యునికి బోనసులో గాని ఓటు హక్కులో గాని లోటు రాకుండా చూడవలెను.

ఈ నాల్గవది అన్నిటికన్న ముఖ్యం. నిజం చెప్పిన రైతుకు ఆ వారం పాల డబ్బు ఎట్లాగూ పోతుంది. పైగా సంఘం కూడ శిక్షిస్తే, మరుసటిసారి ఎవరూ చెప్పరు. పుస్తకం ఖాళీగా ఉంటుంది, క్యాను మాత్రం నిండుతుంది.

సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు రాబోవు కార్యవర్గ సమావేశంలో ఈ విషయం చర్చించి, తగు తీర్మానం చేయ ప్రార్థన.