పాత జీపులో వాన నీళ్లు కారుతున్నాయా? సిలికాన్ పూసే ముందు ఇది తెలుసుకోండి!

వానాకాలం మొదలైందంటే పాత జీపు ఓనర్లకు ఒక పని తప్పదు. పొద్దున్నే డోర్ తీసి, మ్యాట్ ఎత్తి, కింద తడి ఉందా లేదా అని చూసుకోవాలి. తడి కనిపించగానే చాలామంది చేసేది ఒక్కటే. షాపుకెళ్లి సిలికాన్ ట్యూబ్ తెచ్చి, అనుమానం ఉన్న ప్రతి సందులోనూ పూసేస్తారు. మళ్లీ వాన పడుతుంది, మళ్లీ మ్యాట్ కింద నీళ్లే! ఎందుకంటే నీళ్లు తేలిన చోటు ఒకటి, లోపలికి దూరే చోటు ఇంకొకటి.

అసలు జీపు పుట్టిందే అలా. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకు ఇనుప తలుపులు లేవు. పైన కాన్వాస్, ముందు బోనెట్ మీదకు మడిచేసే అద్దం, అంతే. వాన పడితే లోపల తడుస్తుందని డిజైన్ చేసినవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఫ్లోర్‌లో నీళ్లు వదిలేయడానికి ప్లగ్‌తో రంధ్రం పెట్టారు. 1940ల చివర్లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ జీపులనే. తర్వాత మనవాళ్లు వాటికి హార్డ్ టాప్ వేయించారు, కింద కార్పెట్, దాని కింద ఫెల్ట్ పరిపించారు. వచ్చిన నీళ్లు పోయే దారి అక్కడే మూసుకుపోయింది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ముందు బండి లోపల పూర్తిగా ఆరాలి. మ్యాట్లు, కార్పెట్ తీసేసి, అంచుల వెంబడి పాత న్యూస్ పేపర్ పరవండి. ఒకరు టార్చ్ పట్టుకుని లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట నుంచి పైపుతో నీళ్లు వదలాలి. ప్రెషర్ వాషర్ వద్దు. దాని ధాటికి బాగున్న రబ్బరు సందులోంచి కూడా నీళ్లు దూరిపోతాయి, లేని లీకు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక్కడ ఓపిక కావాలి. కింద నుంచి పైకి రావాలి. ముందు డోర్ కింది అంచు, తర్వాత అద్దం ఫ్రేమ్ అడుగు, ఆ తర్వాత అద్దం చుట్టూ రబ్బరు, చివర్లో టాప్. ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు ఆగాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకీ జారతాయి, ఏది లీకో తేలదు.

మడిచే అద్దం ఉన్న జీపుల్లో మొదట అనుమానించాల్సింది అద్దం ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు పట్టీని. అది గట్టిపడి బీటలిస్తే నీళ్లు డాష్‌బోర్డు వెనక నుంచి జారి డ్రైవర్ కాళ్ల దగ్గర పడతాయి. చూసేవాళ్లకి ఫ్లోర్‌లో రంధ్రం ఉందేమో అనిపిస్తుంది. వైపర్ మోటార్ బోల్టులు, ఎక్స్‌ట్రా లైట్లు, క్యారియర్ కోసం కొట్టించిన రంధ్రాలు కూడా ఇలాంటివే. వైరు వెంబడి కూడా నీళ్లు లోపలికి వస్తాయి. వైరు దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ వేసి, బయటవైపు వైరును కాస్త కిందకు వేలాడదీస్తే చుక్క అక్కడే రాలిపోతుంది.

వాన లేని రోజు కూడా కాళ్ల దగ్గర తడి ఉందా? తర్వాత ఏసీ పెట్టించిన బండి అయితే ఆ నీళ్లు బయటకు పోయే పైపు చూడండి. మట్టితో పూడిపోయి ఉండొచ్చు.

డోర్ కింద రంధ్రాలు మూయొద్దు

1985లో వచ్చిన మారుతీ జిప్సీ అయినా, 2016 జనవరిలో తయారీ ఆగిపోయిన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ అయినా ఇనుప, అల్యూమినియం డోర్ల సంగతి వేరు. దించే అద్దం ఉన్న డోర్‌లోకి ఆ సందులోంచి నీళ్లు దిగడం మామూలే. అవి డోర్ అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటకు పోవాలి. బురదలో తిరిగిన బండికి అవి పూడిపోతాయి. లీకనుకుని వాటికీ సిలికాన్ కొట్టేసేవాళ్లున్నారు! అలా చేస్తే డోర్ నీళ్ల డబ్బాలా తయారై, లోపల నుంచే తుప్పు తింటుంది.

డోర్ బీడింగ్ సరిగ్గా పడుతోందా అన్నది కాగితం ముక్కతో తెలిసిపోతుంది. కాగితం పెట్టి డోర్ మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ నొక్కుకోవట్లేదని అర్థం. కొత్త బీడింగ్ కొనేముందు డోర్ హింజ్ వాలిందేమో చూపించుకోవడం మంచిది. వాలిన డోర్‌కి ఎంత కొత్త రబ్బరు వేసినా దండగే.

ఏది పూయాలి?

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను పెయింట్ లేచిన ఇనుము మీద వాడకండి. ఆరేటప్పుడు అది విడిచే ఆమ్లం తుప్పుకు తోడవుతుంది. బాడీ జాయింట్లకు పాలీయురేథేన్ సీలెంట్, బోల్టుతో బిగించే భాగాల కింద బ్యూటైల్ టేప్ నయం. ఏది వేసినా ముందు తుప్పు గీకి, ప్రైమర్ కొట్టాలి. అద్దం రబ్బరు కింద ఫ్రేమ్ తుప్పు పట్టి ఉంటే పై నుంచి పూత పనికిరాదు. అద్దం విప్పాల్సిందే.

కాన్వాస్ టాప్‌లో ఎక్కువగా కారేది కుట్టు దగ్గర. కాటన్ కాన్వాస్ కొత్తగా వేయిస్తే ఒకటి రెండుసార్లు బాగా తడిపి ఆరబెట్టండి. దారం ఉబ్బి సూది రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి. రెగ్జిన్‌కు ఈ లాభం ఉండదు, కుట్టు మీద సీలర్ రాయాలి. టాప్ వదులై మధ్యలో నీళ్లు నిలుస్తుంటే పట్టీలు బిగించుకోవాలి.

ఇంత చూసుకోవడం ఎందుకంటే, తడిసిన కార్పెట్ వల్ల నష్టం తుప్పుతో ఆగదు. ఆ చెమ్మ ఆవిరై అద్దం లోపలివైపు మంచులా పట్టేస్తుంది. రాత్రిపూట వానలో పాడేరు, మారేడుమిల్లి లాంటి ఘాట్ రోడ్ల మీద ముందు మలుపు కనపడకపోతే ఎంత ప్రమాదమో డ్రైవర్లకు తెలుసు. డాష్‌బోర్డు వెనక ఫ్యూజ్ బాక్స్ తడిస్తే లైట్లు, వైపర్లు ఆగిపోవచ్చు.

కార్పెట్ తీసినప్పుడే స్క్రూ డ్రైవర్ పిడితో ఫ్లోర్ అంతా తట్టి చూడండి. ఖంగుమని మోగితే పర్లేదు. మెత్తగా, పొరలుగా అనిపిస్తే రేకు తినేసిందన్నమాట. అది సీటు బోల్టుల దగ్గరో, సీటు బెల్టు బిగించే చోటో అయితే ఎంసీల్‌తో పూడ్చి వదిలేయొద్దు. పాడైన రేకు కోయించి కొత్తది వెల్డింగ్ చేయించేదాకా ఆ సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకూడదు.