ఏసీ పనికి లైసెన్సు.. ఒక్క కాగితం కాదు, నాలుగు!

కర్నూలు, కడప: మార్చి నెల దాటిందంటే ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో ఏసీ మెకానిక్‌లకు క్షణం తీరిక ఉండదు. ఎండ 40 డిగ్రీలు దాటే ఈ సీమలో ఒకప్పుడు బ్యాంకులకు, సినిమా హాళ్లకు, సంపన్నుల ఇళ్లకు పరిమితమైన ఏసీ నేడు మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడం కొనుగోలుదారులకు మరికొంత వెసులుబాటు కలిగించింది. యంత్రాలు పెరిగేకొద్దీ వాటిని బిగించేవారి అవసరమూ, బాగుచేసేవారి అవసరమూ పెరుగుతున్నది. ఏ దుకాణంలోనో నాలుగైదేళ్లు హెల్పరుగా ఉండి పని నేర్చుకున్న యువకుడు సొంత దుకాణం తెరవాలనుకున్నప్పుడు అతనికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఏసీ లైసెన్సు ఎక్కడ ఇస్తారు?

ఆ పేరుతో ఒకే లైసెన్సు మన రాష్ట్రంలోనే కాదు, దేశంలోనే లేదు. ఉన్నవి నాలుగు రకాల పత్రాలు. దుకాణం నడపడానికి ఒకటి, పని వచ్చునని చూపడానికి ఒకటి, కరెంటు లైను వేయడానికి ఒకటి, పన్నుల లెక్కకు ఒకటి. ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి ఉన్నట్లు కాదు. ఈ తేడా తెలియకనే కొందరు ‘ప్రభుత్వ ఏసీ లైసెన్సు’ ఇప్పిస్తామనే వారి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. మరికొందరు మునిసిపాలిటీ కాగితం గోడకు తగిలించి అన్నీ ఉన్నట్లే భావిస్తుంటారు.

దుకాణానికి మునిసిపల్ అనుమతి

‘ట్రేడ్ లైసెన్సు’ అని అందరూ పిలిచేది పురపాలక సంఘం ఇచ్చే వ్యాపార అనుమతి పత్రం. కర్నూలు, కడప నగరాలలో 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం, నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు వంటి పట్టణాలలో 1965 నాటి మునిసిపాలిటీల చట్టం ప్రకారం దీనిని ఇస్తారు. పల్లెలలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామ పంచాయతీయే ఈ అధికారి.

దరఖాస్తును మునిసిపల్ కార్యాలయంలో గానీ, పురపాలక శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో గానీ ఇవ్వవచ్చును. యజమాని గుర్తింపు పత్రం, ఫొటో, దుకాణం సొంతమైతే ఆస్తిపన్ను రసీదు, అద్దెదైతే అద్దె ఒప్పందం సిద్ధంగా ఉంచుకోవాలి. రుసుము ఎంత అన్నది స్థానిక సంస్థ పట్టికలో ఉంటుంది. చెల్లించిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. పత్రం గడువు దానిపైనే ముద్రించి ఉంటుంది కనుక ఆ తేదీలోగా రెన్యూవల్ చేయించుకోవాలి.

గ్యాస్ సిలిండర్లు, వెల్డింగ్ సామగ్రి నిల్వ చేసే దుకాణమైతే ఆ విషయం దరఖాస్తులో దాచకూడదు. ప్రమాదం జరిగిన నాడు ఆ దాపరికమే మెడకు చుట్టుకుంటుంది. పనివారిని పెట్టుకునేవారు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద తమకు వర్తించే నమోదు గురించి కార్మిక శాఖ స్థానిక కార్యాలయంలో తెలుసుకోవాలి.

అయితే ఈ అనుమతి దుకాణానికే గానీ మనిషి చేతి పనికి కాదు. కాయిల్‌కు రంధ్రం పడితే అతకడం వచ్చునా, ఏ యంత్రానికి ఏ గ్యాస్ నింపాలో తెలుసునా అని మునిసిపాలిటీ పరీక్షించదు.

పని వచ్చునని చూపేది ఐటీఐ పత్రం

చేతి పనికి దేశమంతటా చెల్లే గుర్తింపు జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. ఐటీఐలలో ‘రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్’ పేరుతో రెండేళ్ల కోర్సు ఉన్నది. పాతతరం వారికి ఇది ‘ఎంఆర్ఏసీ’గా సుపరిచితం. పదో తరగతి ఉత్తీర్ణులు ఇందులో చేరవచ్చును. చివర అఖిల భారత ట్రేడ్ పరీక్ష ఉంటుంది.

ప్రతి ఐటీఐలోనూ ఈ ట్రేడు ఉండదు. చేరేముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఆ సంస్థకు అనుబంధ గుర్తింపు ఉన్నదా అన్నది మొదటిది. ఆ గుర్తింపు ఈ ట్రేడుకే వర్తిస్తుందా అన్నది రెండవది. ఫీజు కట్టిన తరువాత ఈ ప్రశ్న వేసి లాభం లేదు. కోర్సు తరువాత 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒక సంస్థలో స్టైపెండుతో శిక్షణ పొందితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కూడా లభిస్తుంది.

చదువు మధ్యలో ఆపి పనిలోనే ఆరితేరినవారికీ దారి ఉన్నది. అనుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని ఆర్పీఎల్ అంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఏసీ టెక్నీషియన్లకు ఇటువంటి శిబిరాలు నడిచాయి. 2019 మార్చిలో కేంద్రం విడుదల చేసిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక సైతం 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నది. ఇవి ఏడాది పొడుగునా జరిగేవి కావు. బ్యాచ్‌ల వివరాలను రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయంలో గానీ, సమీప ప్రభుత్వ ఐటీఐలో గానీ కనుక్కోవాలి.

పత్రం తప్పనిసరి కానప్పుడు ఎందుకు?

అమెరికాలో పరీక్ష రాసి ధ్రువపత్రం పొందనివారు ఏసీలలోని గ్యాస్‌ను ముట్టరాదు. స్వచ్ఛ వాయు చట్టంలోని 608వ సెక్షన్ కింద 1994 నుంచి అక్కడ ఈ నిబంధన అమలవుతున్నది. ఐరోపా దేశాలలోనూ ఇటువంటి ధ్రువీకరణ తప్పనిసరి. మన దేశంలో మాత్రం ఏసీ మెకానిక్‌కు అటువంటి నిర్బంధం లేదు. అందుకే పత్రం లేకుండానే పని నడుస్తున్నది. నడుస్తున్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు.

కారణం గ్యాసులు మారుతుండడమే. చాలాకాలం ఏసీలలో ఆర్-22 ఉండేది. అది మండదు కానీ ఓజోన్ పొరకు చేటు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 1992లో చేరింది. ఆ ఒప్పందం మేరకు 2030 నాటికి ఈ రకం వాయువుల వాడకాన్ని దాదాపుగా నిలిపివేయవలసి ఉన్నది. 2021లో కిగాలీ సవరణను కూడా భారత్ ఆమోదించడంతో భూతాపాన్ని పెంచే ఇతర వాయువుల తగ్గింపూ మొదలు కానున్నది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-32 కొద్దిపాటి మండే స్వభావం కలది. కొన్ని ఏసీలలో వాడే ఆర్-290 అయితే సాక్షాత్తు ప్రొపేన్. గాలిలో సుమారు 2 శాతం చేరి నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది. ఇళ్లలోని కొత్త ఫ్రిజ్‌లలో సాధారణంగా ఉండే ఆర్-600ఏ కూడా మండే వాయువే.

పాత పద్ధతిలో పని నేర్చిన మెకానిక్ తలుపులు మూసిన గదిలో గ్యాస్ వదిలి, వెంటనే టార్చి వెలిగిస్తే ఆర్-22 యంత్రం దగ్గర మంట రాకపోవచ్చును. అదే అలవాటు ఆర్-290 దగ్గర ప్రాణాంతకం. ఆర్-22తోనూ నిశ్చింత లేదు. అది మిగిలి ఉన్న గొట్టాన్ని మంటతో అతికిస్తే విషవాయువులు పుడతాయి. ఆర్-410ఏ యంత్రాలలో పీడనం ఆర్-22 కంటే సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. పాత గేజీలు, పాత హోసులు దానికి తట్టుకోలేవు.

లీకు పరీక్షకు నైట్రోజన్ బదులు చేతిలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్ వాడడం అన్నిటికంటే ఘోరమైన పొరపాటు. కంప్రెసర్‌లోని నూనెకు పీడనంలోని ఆక్సిజన్ తోడైతే పేలుడు సంభవిస్తుంది. ఇన్వర్టర్ ఏసీలలో స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొద్ది నిమిషాలు నిలిచి ఉంటుంది. ఇవన్నీ శిక్షణలో మొదట నేర్పే పాఠాలు.

పెద్ద శీతలీకరణ యంత్రాల సంగతి మరీ వేరు. శీతల గిడ్డంగులు, ఐస్ ఫ్యాక్టరీలు, డెయిరీలలో అమ్మోనియా వాడతారు. 2020 జూన్ 27న నంద్యాలలోని ఒక పరిశ్రమలో అమ్మోనియా లీకై ఒకరు మరణించారు. ఇంటి ఏసీల అనుభవంతో అటువంటి ప్లాంటులో చేయి పెట్టడం తగదు.

కరెంటు లైనుకు వేరే పర్మిట్

ఏసీ బిగించేవారు తరచుగా హద్దు దాటేది ఇక్కడే. ఉన్న ప్లగ్గుకు ఏసీని తగిలించడం వేరు, మీటరు నుంచి కొత్త లైను లాగి ఎంసీబీ, ఎర్త్ ఏర్పాటు చేయడం వేరు. విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగులో చేర్పులు, మార్పులు లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ గల వైర్‌మన్ చేతనే జరగాలి. ఈ లైసెన్సులు, పర్మిట్లు రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు పరిధిలోనివి. ఐటీఐ ఏసీ ట్రేడు సర్టిఫికెట్ దీనికి బదులు కాదు. అటువంటి పర్మిట్ లేనివారు పర్మిట్ గల వైర్‌మన్‌తో కలిసి పని ఒప్పుకోవడం ఉభయులకూ క్షేమం.

ఏసీ పెట్టినందువలన మంజూరైన లోడు మించితే అదనపు లోడుకు దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో దరఖాస్తు చేయాలని ఇంటివారికి చెప్పవలసిన బాధ్యత కూడా మెకానిక్‌దే.

పన్ను నమోదు, ఉద్యమ్

సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. చిన్న మెకానిక్‌లు చాలామంది ఈ పరిమితి లోపే ఉంటారు. అయితే కంపెనీల సర్వీసు కాంట్రాక్టులు, కార్యాలయాల వార్షిక నిర్వహణ టెండర్లు కోరుకునేవారిని జీఎస్టీ నంబరు అడగడం పరిపాటి. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఎవరికి వారే చేసుకోవచ్చును. బ్యాంకు రుణానికి వెళ్లినప్పుడు ఇది అక్కరకు వస్తుంది. ఇది వ్యాపార నమోదు మాత్రమే, నైపుణ్య ధ్రువీకరణ కాదు.

గల్ఫ్‌కు వెళ్లేవారికి

ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు వలస పోయేవారు అధికం. అక్కడ ఏసీ లేనిదే రోజు గడవదు కనుక ఈ పనివారికి గిరాకీ ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్నవారు టెక్నీషియన్‌గా వీసా కోరవచ్చును. లేనివారు హెల్పరుగానో, సాధారణ కూలీగానో మిగిలిపోయే అవకాశం ఎక్కువ. జీతంలో తేడా అక్కడి నుంచే మొదలవుతుంది. పత్రాలకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆపైన కువైట్ రాయబార కార్యాలయం ముద్ర అవసరమవుతాయి. విదేశాంగ శాఖ వద్ద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లాలి. అటువంటి ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే.

ఇంటివారు ఏమి అడగాలి?

వచ్చిన మెకానిక్‌ను యంత్రంపై రాసి ఉన్న గ్యాస్ పేరు చదివి చెప్పమనాలి. అదే గ్యాస్ నింపుతున్నాడో లేదో సిలిండర్‌పై చూసుకోవాలి. నింపేముందు లీకు ఎక్కడున్నదో వెతికాడా, వాక్యూమ్ పంపు పెట్టాడా అన్నది గమనించాలి. లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం డబ్బు గాలికి వదలడమే. బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల వంటి నాపరాళ్ల పాలిషింగ్ ప్రాంతాలలో రాతిపొడి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ను త్వరగా మూసేస్తుంది. అక్కడ చల్లదనం తగ్గగానే గ్యాస్ అయిపోయిందని తీర్మానించక, ముందు కాయిల్ కడిగించాలి.

వరుస ఇదీ

కొత్తగా దుకాణం తెరవదలచినవారు మొదట ఐటీఐ లేదా ఆర్పీఎల్ ధ్రువపత్రం సంపాదించాలి. తరువాత ఉద్యమ్ నమోదు, దుకాణం కుదిరాక మునిసిపల్ లేదా పంచాయతీ అనుమతి, వైరింగ్ పని చేయదలిస్తే వైర్‌మన్ పర్మిట్, టర్నోవరును బట్టి జీఎస్టీ. ఎవరైనా ‘అన్నీ కలిపి ఒకే లైసెన్సు’ ఇస్తామంటే దానిని జారీ చేసే ప్రభుత్వ శాఖ ఏదో, ఏ చట్టం కిందనో అడగాలి. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ అసలుదో కాదో ఆన్‌లైన్‌లో సరిచూసుకునే వీలున్నది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాకపోతే డబ్బు చెల్లించకుండా వెనుదిరగడమే మేలు.