ఒక్క స్టీమర్ మిస్సయితే ఉత్తరం నెల రోజులు లేటు.. తొలినాటి ‘ఓవర్‌ల్యాండ్ మెయిల్’ కథేంటి?

1829 డిసెంబర్. ఈజిప్టులోని సూయజ్ రేవు. లండన్ నుంచి బొంబాయి గవర్నర్‌కు అధికారిక లేఖలు తీసుకొచ్చిన థామస్ వాగ్‌హార్న్ ఓ స్టీమర్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇండియా నుంచి రావాల్సిన ఆ స్టీమర్ పేరు ‘ఎంటర్‌ప్రైజ్’. అది రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కునే దారి కూడా లేదు.

చివరికి ఆయన పైకప్పు లేని ఓ చిన్న పడవలో ఎర్ర సముద్రం మీద జెడ్డా దాకా వెళ్లాడు. ఎంటర్‌ప్రైజ్ చెడిపోయింది, ఇక రాదు. అక్కడి నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడ ఎక్కి బొంబాయి చేరేసరికి 1830 మార్చి వచ్చేసింది. అక్టోబర్ చివర్లో లండన్‌లో బయల్దేరిన మనిషికి దాదాపు ఐదు నెలలు పట్టింది. అంటే ఆఫ్రికా చుట్టూ తిరిగొచ్చే తెరచాప ఓడకు పట్టేంత టైమ్!

మరి స్టీమర్ అంటే స్పీడ్ కదా.. ఎక్కడ తేడా కొట్టింది?

అసలు సమస్య బొగ్గు

తెరచాప ఓడకు గాలి ఉంటే చాలు. స్టీమర్‌కు బొగ్గు కావాలి. 1825లో ఇదే ఎంటర్‌ప్రైజ్ ఇంగ్లండ్ నుంచి గుడ్‌హోప్ అగ్రం చుట్టి కలకత్తా రావడానికి 113 రోజులు తీసుకుంది. 70 రోజుల్లో వస్తుందని ఆశపడినవాళ్లు నిరాశపడ్డారు.

1830 మార్చి 20న బొంబాయిలోనే కట్టిన ‘హ్యూ లిండ్సే’ స్టీమర్ సూయజ్‌కు బయల్దేరింది. దాన్ని ఐదున్నర రోజుల బొగ్గు పట్టేలా కట్టారు. కానీ మొదటి మజిలీ ఏడెన్ 1,600 మైళ్లకు పైనే ఉంది. దాంతో క్యాబిన్లలో, డెక్ మీద కూడా బొగ్గు నింపేశారు. 11 రోజుల తర్వాత ఏడెన్ చేరేసరికి మిగిలింది కొన్ని గంటల బొగ్గే. సూయజ్ దాకా మొత్తం 33 రోజులు పడితే, అందులో సుమారు 12 రోజులు రేవుల్లో ఆగడానికే పోయాయి. మనుషులే బస్తాలు మోసి నింపాలి మరి.

ఆ బొగ్గు కూడా ఎక్కువగా బ్రిటన్ నుంచి తెరచాప ఓడల్లోనే వచ్చేది. అవి లేటైతే స్టీమర్ కూడా లేటే. 1839లో బ్రిటిష్ వాళ్లు ఏడెన్‌ను ఆక్రమించుకోవడానికి ఈ బొగ్గు అవసరం ఓ ముఖ్య కారణం.

రెండు సముద్రాలు, మధ్యలో ఎడారి

అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఉత్తరాల సంచులు లండన్ నుంచి ఒక స్టీమర్‌లో అలెగ్జాండ్రియా దాకా వచ్చేవి. అక్కడి నుంచి కాలువలో, నైలు నదిలో పడవల మీద కైరోకు. ఆ తర్వాత ఒంటెల మీద, బండ్ల మీద ఎడారి దాటి సూయజ్‌కు. అక్కడ ఇంకో స్టీమర్.

ఈ రెండు స్టీమర్లూ ఒకదానికొకటి అందాలి. కానీ ఒకటి ఎక్కడుందో రెండోదానికి తెలియదు. టెలిగ్రాఫ్ లేదు. పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు. ఎదురుగాలికి తొలినాటి బలహీనమైన ఇంజిన్లు తట్టుకోలేకపోయేవి. 1830ల చివర్లో నెలకో సర్వీసు మొదలయ్యాక లెక్క సింపుల్. సూయజ్‌లో ఒక్క రోజు తేడాతో స్టీమర్ మిస్సయితే, సంచి మళ్లీ నెలదాకా అక్కడే.

అందుకే వ్యాపారులు, అధికారులు ముఖ్యమైన ఉత్తరానికి రెండు మూడు నకళ్లు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవాళ్లు. ఏదో ఒకటి చేరకపోతుందా అని!

మద్రాసు తీరంలో మరో గండం

1842లో పీ అండ్ ఓ కంపెనీ ‘హిందుస్థాన్’ స్టీమర్‌ను ఇంగ్లండ్ నుంచి పంపి, సూయజ్-కలకత్తా లైన్ మొదలుపెట్టింది. ఆ స్టీమర్లు మద్రాసులోనూ ఆగేవి. కానీ అప్పుడు అక్కడ హార్బర్ లేదు. ఓడ దూరంగా లంగరేస్తే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సంచులు ఒడ్డుకు చేర్చేవాళ్లు. అలలు ఉధృతంగా ఉంటే అంతే సంగతులు.

ఒడ్డుకు చేరాక కూడా నెల్లూరు, రాజమండ్రి, విశాఖపట్నం వైపు ఉత్తరాలు తపాలా బంట్రోతుల కాళ్ల మీద ఆధారపడాల్సిందే. కృష్ణా, గోదావరిపై వంతెనలు లేవు కాబట్టి వరదలొస్తే అక్కడా ఆగాల్సిందే.

ఎప్పుడు మారింది?

1858కల్లా కైరో నుంచి సూయజ్‌కు రైలొచ్చింది. ఎడారిలో ఒంటెల ప్రయాణం తప్పింది. 1869లో కాలువ తెరుచుకుంది. విచిత్రం ఏంటంటే.. కాలువ వచ్చాక కూడా 1874 దాకా బ్రిటిష్ పోస్టాఫీసు పట్టుబట్టి మెయిల్‌ను అలెగ్జాండ్రియాలో దింపించి, రైల్లో సూయజ్‌కు పంపించింది.

అసలు మార్పు 1870లో వచ్చింది. ఆ ఏడాది సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ బ్రిటన్‌ను బొంబాయితో కలిపింది. స్టీమర్ లేటన్న కబురు స్టీమర్ కంటే ముందే చేరే వీలు కలిగింది. సూయజ్ రేవులో కబురు లేక ఎదురుచూసిన వాగ్‌హార్న్ మాత్రం ఇది చూడలేదు. ఈ దారి కోసమే ఏళ్ల తరబడి తిరిగిన ఆయన 1850లో అప్పుల్లోనే చనిపోయాడు.