కబురందేసరికి ఏడాది దాటె!

పక్కనే ఉన్నా పాలోళ్ల చావు తెలియదు

నాందేడ్‌: పెళ్లి కార్డు ఇవ్వడానికి నిజామాబాద్‌ పోతారు. ఇంట్లో అడుగు పెట్టగానే గోడ మీద పెద్దనాయన ఫొటో, దానికి దండ. పోయి ఏడాదిన్నర అయిందంటారు. ‘మాకు చెప్పనే లేదే’ అని వీళ్లు, ‘మీ నంబరు మా దగ్గర లేకపాయె’ అని వాళ్లు. నాందేడ్‌, ధర్మాబాద్‌, బిలోలి, దెగ్లూర్‌ వైపు తెలుగు ఇళ్లలో ఇలాంటి ముచ్చట్లు కొత్తేం కాదు.

దూరమా అంటే అదీ కాదు. రైల్లో ముద్‌ఖేడ్‌, ఉమ్రీ, ధర్మాబాద్‌ దాటితే బాసర, ఆపై నిజామాబాద్‌. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండొచ్చు.

ఒకప్పుడు ఇదంతా హైదరాబాద్‌ రాష్ట్రమే. 1956 నవంబరు 1న నాందేడ్‌ జిల్లా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. అదే జిల్లాలోని ముథోల్‌, భైంసా, బిచ్కుంద, జుక్కల్‌ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆదిలాబాద్‌ జిల్లాలోని కిన్వట్‌ ఇటు చేరింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. గీత పడ్డా పిల్లనిచ్చుకోవడం, తెచ్చుకోవడం ఆగలేదు. చావు కబురు కార్డు మీదో, మనిషితోనో వచ్చేది. ‘టెలిగ్రాం’ అని కేక వినపడితే చదవకముందే ఏడుపు మొదలయ్యేది. ఆ టెలిగ్రాం కూడా 2013 జులైలో బందయింది.

మరి తెగిందెక్కడ?

ఇంటిపేర్లు మారాయి. ఇక్కడ చాలా తెలుగు ఇంటిపేర్లకు ‘వార్‌’ చేరింది. మన ‘వారు’కే మరాఠీ పలుకు. కోటగిరి వారు కోటగిర్‌వార్‌ అయ్యారు. పిల్లల చదువు మరాఠీలో సాగింది. తాత పెట్టెలో దాచిన తెలుగు ఉత్తరం మనవడికి వట్టి గీతలే. ఇక్కడ ఎవరైనా పోతే మరాఠీ పేపర్లో ‘నిధన్‌’ వార్త వస్తుంది. అక్కడ పోతే తెలుగు పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన వేస్తారు. ఇది వాళ్లు చూడరు, అది వీళ్లు చదవరు.

అసలు కబుర్లు మోసింది ఆడబిడ్డలు. అటు నుంచి వచ్చిన కోడలు, ఇటు నుంచి వెళ్లిన మేనత్త ఉన్నన్నాళ్లూ ఎవరింట్లో ఏం జరిగిందో రెండు వైపులా తెలిసేది. వాళ్లు పోయాక ఆ ఇళ్ల దారి కొడుకులకు తెలియదు. వాట్సాప్‌ గ్రూపులో వందమంది ఉంటారు, ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలాయన మాత్రం ఉండడు.

ఆలస్యంగా తెలిసిన చావుకు శాస్త్రంలో లెక్క ఉంది. దాయాది పోయిన పది రోజుల్లోపు వింటే మిగిలిన రోజులే మైల. పది దాటాక వింటే మూడు రోజులు. ఏడాది దాటితే నీళ్లు ముట్టుకుంటే చాలు. మనుస్మృతి అయిదో అధ్యాయంలోనే ఈ మాట ఉంది. ఆచారం ఇంటింటికీ కొంత మారుతుంది. పెళ్లయి వెళ్లిన మేనత్తకైతే పుట్టింటివాళ్లు పట్టే మైల మొదటే తక్కువ. ఎత్తుకుని పెంచింది ఆమే అయినా సరే!

పోయిన తిథి తెలియనివాళ్లకు భాద్రపద అమావాస్య ఉండనే ఉంది. అటు పెత్రమాస, ఇటు సర్వపిత్రీ అమావాస్య. రెండూ ఒకే రోజు. పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ బియ్యం ఇస్తారు. పేరు గుర్తుంటే చాలు, ఎప్పుడు పోయారో తెలియకపోయినా ఇవ్వొచ్చు. ఉన్నాడో లేడో తెలియని మనిషి పేరు మీద మాత్రం ఇవ్వలేరు గదా.