మంత్రాలయం రోడ్డులో దిగి... ఆదోనిలో ఎక్కండి

మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో రైలు ఆగేసరికి బయట ఆటోలు, జీపులు వరుసకట్టి ఉంటాయి. అన్ని నోళ్లలోనూ ఒకటే పిలుపు: "మంత్రాలయం, మంత్రాలయం... రండప్పా, ఇద్దరొస్తే బయల్దేరుదాం." అక్కణ్నుంచి సుమారు 16 కిలోమీటర్లు. తుంగభద్రలో స్నానం, మంచాలమ్మ దర్శనం, రాఘవేంద్రస్వామి బృందావనం చుట్టూ ప్రదక్షిణలు, పరిమళ ప్రసాదం పొట్లం. మళ్లీ అదే దారిన అదే స్టేషన్‌కు. కాస్త తీరిక ఉన్నవాళ్లు హంపికో కర్నూలుకో పోతారు. ఈ రెంటికీ నడుమ ఉన్న ఎమ్మిగనూరు, ఆదోని వాళ్లకు బస్సు బోర్డుల మీద పేర్లుగానే మిగిలిపోతాయి.

ఓడల్లో లోకం చుట్టేవాళ్లదీ ఇదే తీరు. ఇటలీలో చివిటావెక్యా రేవులో దిగినవాళ్లలో ఎక్కువమంది 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి రోముకు పరుగెత్తి, సాయంత్రానికి ఆయాసపడుతూ ఓడకు చేరతారు. రేవుకు దగ్గర్లోనే ఉన్న తార్క్వీనియాలో రోమన్ల కంటే ముందటి ఎట్రుస్కన్ల సమాధులు, వాటి గోడల మీద రంగుల బొమ్మలు ఉన్నాయి. వాటిని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తెలిసిన యాత్రికులు పట్నం జోలికి పోకుండా ఆ రోజంతా అక్కడే గడుపుతారు. మన విశాఖలోనూ 2023లో క్రూజ్ టెర్మినల్ తెరిచారు గనుక ఈ సంగతి మనకూ పనికొచ్చేదే. పడమటి కర్నూలుకు సముద్రం లేదు. ముంబై-చెన్నై రైలుమార్గం ఉంది. యాత్రికులను దించే రేవు అదే.

అసలు మంత్రాలయం కథే ఆదోని నుంచి మొదలవుతుంది. అప్పట్లో ఆ ఊరు మంచాల. అది ఆదోని ఏలుబడిలోని గ్రామం. చదువురాని వెంకన్న అనే కుర్రవాడికి స్వామి అనుగ్రహంతో అక్షరం వచ్చిందని, అతడు ఆదోని నవాబు దగ్గర దివాను అయ్యాడని, ఆ నవాబే స్వామి మహిమ చూసి మంచాలను మఠానికి ఇచ్చాడని భక్తులు తరతరాలుగా చెప్పుకొనే కథ. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది అక్కడే. దానమిచ్చిన ఊరు ఏదో తెలుసుకుని, దాన్ని కూడా చూసి వెళ్తేనే యాత్ర నిండుగా ఉంటుంది.

మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు బస్సెక్కితే గంటలోపే మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు అప్పుగా తెచ్చుకుని, నేసిన గుడ్డను ఆ అప్పిచ్చిన వ్యాపారికే అతడు చెప్పిన ధరకు అమ్ముకోవాల్సిన బతుకు నుంచి నేతగాణ్ని బయటపడేయడమే సహకార సంఘం చేసే పని. సంఘమే నూలు ఇస్తుంది, గుడ్డ తీసుకుంటుంది, కూలి కడుతుంది. ఎమ్మిగనూరు దుప్పట్లు, చీరలు, తువ్వాళ్లు దేశమంతా పేరు తెచ్చుకున్నది ఆ పునాది మీదే. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది కూడా ఈ పనికే. రాయలసీమ చరిత్ర అంటే పాలెగాళ్లు, కోటలు అని రాసే మనం ఒక నేతసంఘం చరిత్రను పాఠ్యపుస్తకంలో పెట్టకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

నేతకారుల వీధుల్లోకి వెళ్లి, అడిగి, గుమ్మం దాటండి. గుంత మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్లు నేలలో తవ్విన గుంతలో ఉంటాయి. కాళ్లతో తొక్కుడు చెక్కలు తొక్కుతుంటే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి. ఆ సందులోంచి నాడె ఇటునుంచి అటు దూకుతుంది. కాలూ చెయ్యీ కన్నూ కలిసి నడవాలి. ఒక పోగు తెగితే మగ్గం ఆపి, వెతికి, ముడివేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒక దుప్పటి వెనుక ఎంత ఒళ్లు హూనమవుతుందో అక్కడ అరగంట నిలబడితే తెలుస్తుంది. మరమగ్గం గుడ్డ చౌకగా దొరికే కాలంలో ఈ చప్పుడు తగ్గుతూ వస్తోంది. కొంటే ఇక్కడే కొనండి. బేరం ఆడకండి.

జనవరిలో వచ్చేవాళ్లకు ఇంకో భాగ్యం ఉంది, నీలకంఠేశ్వరస్వామి జాతర. రథోత్సవం, రోజుల తరబడి సాగే పశువుల సంత, బండలాగుడు పోటీలు. జత ఎడ్లు బరువైన రాతిబండను నిర్ణీత సమయంలో ఎంత దూరం లాగాయో కొలుస్తారు. ఎడ్లతో పాటు పరుగెత్తే రైతుల అదిలింపులు, చుట్టూ జనం ఈలలు వింటే ఈ నేలకు పశువు అంటే ఏమిటో అర్థమవుతుంది.

శ్రావణమాసంలో అయితే దారి ఉరుకుంద వైపు తిప్పండి. ఈరన్నస్వామి అని జనం పిలుచుకునే నరసింహస్వామి క్షేత్రం అది. కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా భక్తులు తరలివస్తారు. ఉరుకుందప్ప అనే పేరున్న మనిషి లేని ఊరు ఈ చుట్టుపక్కల అరుదు. అక్కడికి దగ్గరే కౌతాళంలో ఖాదర్‌లింగ స్వామి దర్గా. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ మొక్కుకునే చోటు. ఆదోని దగ్గర పెద్దతుంబళంలో జైనుల పార్శ్వనాథ ఆలయం ఉంది. దేవరగట్టు బన్నీ ఉత్సవం సంగతి వేరు. దసరా రాత్రి కర్రలు గాలిలో లేచే ఆ చోటికి పిల్లలతో వెళ్లవద్దనే నా సలహా.

ఇక ఆదోని. కోట ఒక్క కొండ మీద లేదు. ఐదు కొండలు వలయంగా నిలిచిన చోట, గుండు మీద గుండు పేర్చినట్టున్న ఆ రాళ్ల నడుమ గోడలు అల్లుకుపోయాయి. బారాఖిల్లా, తాలిబండ అనే రెండు కొండలు నేల నుంచి దాదాపు 800 అడుగుల ఎత్తు. 1565లో రాక్షసి తంగడి దగ్గర విజయనగరం ఓడిపోయినా ఈ కోట వెంటనే లొంగలేదు. బిజాపూరు సుల్తానులకు చిక్కడానికి 1568 దాకా పట్టింది. వాళ్ల తరఫున ఇక్కడ ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ ఆఫ్రికా మూలాలున్నవాడు. ఊళ్లోని షాహీ జామియా మసీదు అతడు కట్టించిందే. 1680ల చివర ఔరంగజేబు సేన ముట్టడించినప్పుడు ఫిరంగులను ఆ మసీదు వైపు తిప్పారని, తన మసీదు కూలడం చూడలేక మసూద్‌ఖాన్ కోట అప్పగించాడని చెబుతారు. ఆ మసీదు ముందు నిలబడి చూస్తే ఈ మాట నమ్మబుద్ధవుతుంది. తర్వాత నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరైంది. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకుని బురుజులు పడగొట్టించాడు. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్లకు పోయింది. బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. అందుకే ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే నోట వినిపిస్తాయి.

కొండ ఎక్కాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది. అంత ఓపిక లేకపోతే రణమండల కొండ ఎక్కి ఆంజనేయస్వామిని చూసుకుని, అక్కణ్నుంచే ఊరంతా చూడవచ్చు.

దిగి వచ్చాక ఉగ్గాని తినండి. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జీ తప్పనిసరి. మధ్యాహ్నం జొన్నరొట్టె దొరికితే అన్నం అడగకండి. అక్టోబరు తర్వాత వచ్చినవాళ్లు పత్తి మార్కెట్ యార్డు చూడాలి. తెల్లటి కుప్పలు, ఆ కుప్పలను పిడికిట పట్టి పింజ సాగదీసి ధర లెక్కగట్టే వ్యాపారులు, ఆ ముఖాల వైపే చూస్తూ నిలబడ్డ రైతులు. పత్తి, బట్ట, బంగారం వ్యాపారాల వల్ల ఈ ఊరికి రెండో ముంబై అని పేరొచ్చింది.

అయినా ఇదే ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు, బెంగళూరుకు కట్టడం పనులకు వలసపోతాయి. మంత్రాలయానికి వచ్చే జనం ఈ ఊళ్లలో ఒక్క రోజు ఆగి, ఒక్క దుప్పటి కొని, ఒక్క పూట భోజనం చేసినా ఆ డబ్బు ఇక్కడే తిరుగుతుంది. దీనికి పెద్ద రిసార్టులు అక్కర్లేదు. స్టేషన్‌లో ఈ ఊళ్ల పటం ఒకటి, కోట దారిలో తాగునీళ్లు, మరుగుదొడ్డి, చరిత్ర చెప్పే బోర్డులు, ఎమ్మిగనూరులో మగ్గం చూపించి గుడ్డ అమ్మే గది ఒకటి. పర్యాటక శాఖ, రైల్వే, రెండు మునిసిపాలిటీలు కలిసి కూర్చుంటే ఇవి ఒక్క ఏడాదిలో అయ్యే పనులు.

అంతవరకు మనం చేయగలిగింది ఒకటుంది. మంత్రాలయం రోడ్డు, ఆదోని ఒకే రైలుమార్గం మీదున్న స్టేషన్లు. ఈసారి మంత్రాలయం టికెట్టు తీసుకునేటప్పుడు, తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకుని ఆదోని నుంచి రిజర్వు చేయించుకోండి.